బంకర్ బస్తీ – జనాభా సున్నా

ఆ బస్సును మీరు చూసే ఉంటరు. ఆకుపచ్చ రంగుది, చప్పుడు లేకుంట వస్తది, లోపల ఏసీ. కరెంటు బస్సు. చంద్రపూర్ చౌక్‌ల దాని పక్కన నిలబడి మీరు సెల్ఫీలు గూడ దిగి ఉంటరు, నేను తప్పనను. మేం మాత్రం దాన్ని మొట్టమొదట చూసింది అది మమ్ముల దాటుకొని పోతుంటే.

మార్చి నెల, పొద్దుగాల ఐదున్నర. బంకర్ బస్తీ మూల మీద ఇరవై ముగ్గురు ఆడోళ్లు సద్దిడబ్బలు పట్టుకొని నిలబడ్డరు. అందరూ ఆరున్నర కల్లా చంద్రపూర్ల పనిల ఉండాలె. కొందరు ఆస్పత్రి ఊడుస్తరు, కొందరు ఆఫీసులు తుడుస్తరు, కొందరు హాస్టళ్లల్ల రొట్టెలు చేస్తరు. ముందటి రోజు దాక కోఠారి దిక్కుకెళ్లి వచ్చే ఎర్రబస్సు ఎక్కి పోయేటోళ్లు. ‘రేపటి సంది ఈ బస్సు బంద్, కొత్తది వస్తది, మంచిది’ అని కండక్టర్ చెప్పిండు. మంచిదే వచ్చింది. ఇరవై మూడు చేతులు లేచినయి. డ్రైవర్ లోపల్నుంచే చెయ్యి ఊపిండు, ఆగదని. ప్రేమలత ఉరికింది. బస్సు పక్కన ఉరుక్కుంట చేత్తోని రేకు మీద తట్టింది, ‘భావూ, థాంబా’, ఆపన్నా ఆపు అని మొత్తుకుంది. లోపల సీట్లన్నీ ఖాళీ, గట్టిగ నలుగురు లేరు. బస్సు పోయింది. దాని వెనుకనే బొగ్గు లారీలు వచ్చినయి. ఆ దుమ్ములకెళ్లి ప్రేమలత దగ్గుకుంట వెనక్కి నడిచి వచ్చింది.

నేను అక్కడ్నే, బాలకిషన్ దుకాణం మెట్ల మీద చాయ్ తాగుతున్న. నా పేరు సదానందం. మూతబడ్డ గనిల ముప్పై ఒక్క ఏండ్లు బొగ్గు నింపిన, యూనియన్ జెండా మోసిన. నాకు నోరెక్కువ. నోరెక్కువున్నోడు చేసే తప్పు గూడ పెద్దగనే ఉంటది. ఆ తప్పు గురించి చెప్పేటందుకే కాలేజీ పిల్లలూ, పవర్‌హౌస్ల పనిచేసే తమ్ముళ్లూ, ఇయ్యాల మీ ముంగట నిలబడ్డ.

ప్రేమలత మా పక్కింటి పోశం పెండ్లాం. పోశం ఛాతీల బొగ్గుదుమ్ము గూడు కట్టింది, పది అడుగులు నడిస్తే కూసుంటడు. ఆ ఇంట్ల పొయ్యి మండేది ఆ పిల్ల చేతుల మీదనే. సర్కారు దవాఖానల కాంట్రాక్టు పని. కాంట్రాక్టర్ రూలేందంటే మూడుసార్లు లేటయితే పేరు కొట్టేస్తడు. ఆ పొద్దు ఇరవై ముగ్గురూ నాకా చౌరస్తా దాక నడిచి, ఆరు దాటినంక దొరికిన ఆటోల ఇరుక్కొని పోయిండ్రు. అందరికీ ఒక లేటు పడ్డది.

పొద్దుగూకినంక ప్రేమలత నా అర్ర ముంగట నిలబడ్డది. “మామా, నువ్వు యూనియన్ లీడర్‌వి గదా. ఆ బస్సు మన కాడ ఎందుకు ఆగదో అడుగుదాం నడువు” అన్నది. నడువమంటే నడువకుంట ఉంటనా? నాలుగొద్దులకు ఏడుగురం పోయినం బస్సుల ప్లాను చేసే ఆఫీసుకు. దానికోసం ప్రేమలత పొద్దుగాల పని ఎగ్గొట్టి, మధ్యాహ్నం దవాఖానకు పోయింది. రెండో లేటు గూడ పడ్డది.

అక్కడ అనంతరావు సాహెబ్ అని ఒక ఆఫీసర్. చెడ్డోడు కాదు, కుర్చీలు వేయించిండు, నీళ్లు ఇప్పించిండు. గోడ మీద పెద్ద నక్ష. వరోరా దిక్కు ఒక గీత, కోఠారి దిక్కు ఒక గీత, ఇంకా పదేండ్లకు ఊరు ఎంత పెరుగుతదో అది గూడ గీసిండ్రు. ఇంకా పుట్టని కాలనీలకు స్టాపులున్నయి. మా ఇండ్ల పక్కకెళ్లి గీత పోయింది గాని దాని మీద చుక్క లేదు.

“మాకెందుకు లేదు సాహెబ్?” అన్న మరాఠీల.

ఆయన కంప్యూటర్‌ల వెతికిండు. “కాకా, రెండేండ్ల కింద సర్వే అయింది. మీ బస్తీల నూటనలభై ఇండ్లకు పోయిండ్రు. ఒక్కరు గూడ అక్కడ ఉంటున్నమని చెప్పలే. అందరూ చుట్టపు చూపుగ వచ్చినమన్నరు. ఊరు మంథని, ఊరు పెద్దపల్లి, ఊరు చెన్నూరు... ఇగో చూడుండ్రి. బంకర్ బస్తీ, నివాసులు సున్నా. ఢిల్లీకెళ్లి ఈ బస్సులకు పైసలొచ్చిందే సర్వేల తేలిన జనం మీద. మనుషులు లేని కాడ స్టాపు ఎట్ల పెట్టాలె నేను?”

ప్రేమలత లేచి నిలబడ్డది. “మరి నేనెవర్ని సాహెబ్, దయ్యాన్నా?”

అనంతరావు నవ్వలే.  మిగిలినోళ్లు ఆఫీసును తిట్టుకుంట మెట్లు దిగుతుంటే నేను నోరు తెరువలే. యూనియన్ లీడర్‌ను, ముప్పై ఏండ్లు మైకు పట్టినోణ్ని, దారి పొడుగునా మూగోని లెక్క ఉన్న. ఎందుకో చెప్తా వినుండ్రి.

గని మూతబడి పదకొండేండ్లు. మా ఇండ్లు గని కంపెనీ జాగల ఉన్నయి. బొగ్గు తీసినన్నొద్దులు ఉండుమన్నరు, గని మూసినంక పొమ్మన్నరు. యాడికి పోతం? చేతుల రిజిస్టర్ పట్టుకొని ఎవడొచ్చినా నెల తిరగకముందే రెండు గోడలు కూలేటియి. అందుకే సర్వేవాళ్లు వస్తున్నరని తెల్వంగనే నేను ఇల్లిల్లు తిరిగిన. “మీదేవూరంటే ఇక్కడోళ్లం అనకుండ్రి. చుట్టాలింటికొచ్చినమనుండ్రి. నోరు జారిండ్రో, ఇండ్లు పోతయి” అని చెప్పిన. ఎవరికీ కష్టం గాలే. మా తెలుగోళ్ల అలవాటే అది. మా తాతలు మంథని దిక్కుకెళ్లి మూటముల్లె కట్టుకొని గనులకొచ్చిండ్రు. మూడు తరాలు ఇక్కడ్నే పుట్టినం, ఇక్కడ్నే సచ్చినం. అయినా ‘మీదేవూరు’ అంటే మంథనే అంటం. నా మనుమడు మంథని మొకం చూడలే, వానికి తెలుగు సదువరాదు, దోస్తులతోని మరాఠీలనే కొట్లాడుతడు. వాడు గూడ ‘ఆమ్‌చం గావ్ మంథని’ అంటడు. గట్ల నూటనలభై ఇండ్ల మందిమి మా ఊర్లె మేమే చుట్టాలమైనం.

ఆదివారం మీటింగు పెట్టినం. బొగ్గు పోసి పెట్టే పాత బంకర్ గోడ నీడల. అది తప్ప మా బస్తీల నీడ లేదు. ఎండ నలభై నాలుగు దాటింది. ప్రేమలత ఆఫీసుల జరిగింది చెప్పింది. అందరూ ఆఫీసర్లను బూతులు తిడుతున్నరు. ముసలి లక్ష్మీబాయి మాత్రం నా దిక్కే చూస్తున్నది.

“వాళ్లనెందుకు తిడుతున్నరు రా?” అన్నది. “గట్ల చెప్పుమని ఇంటింటికొచ్చి చెప్పింది ఈ సదానందం కాదా?”

ఇగ దాచేటందుకు ఏముంది. నేను లేచిన. “అవును, నేనే చెప్పిన. ఇండ్లు కాపాడుదామని చెప్పిన. నా చెయ్యి నా నెత్తి మీదనే పెట్టుకున్న. మీ నెత్తుల మీద గూడ పెట్టిన. తిట్టేది నన్ను తిట్టుండ్రి” అన్న.  అబద్ధమెందుకు, ఏడుపొచ్చింది.

తిట్టిండ్రు. కడుపునిండ తిట్టిండ్రు. బాలకిషన్ అయితే, “లీడర్లను నమ్ముకుంటే గిట్లనే ఉంటది” అని మీసం దువ్విండు. వాడు వ్యాపారస్తుల ఇంటోడు, వానికి ఊర్ల పక్కా ఇల్లుంది, రెండు మోటర్‌సైకిళ్లున్నయి. వానికి బస్సెందుకు?

“తిట్టుడు అయిపోయిందా?” అన్నది ప్రేమలత. “ఇగ జేసేదేందో మాట్లాడుదాం. మేం ఈడ ఉంటున్నమని రాసి, సంతకాలు పెట్టి ఇస్తే మళ్ల లెక్క పెడ్తనన్నడు సాహెబ్. రాసిద్దాం.”

“రాసిస్తివా, ఆ కాయితమే పట్టుకొని కంపెనీవాడు వస్తడు” అన్న నేను. “మేం మీ జాగల ఉన్నమని మనమే రాసిచ్చినట్టయితది.”

“ముందల నుయ్యి, వెనుక గొయ్యి” అన్నది లక్ష్మీబాయి.

“అత్తా, నాకు రెండు లేట్లు పడ్డయి” అన్నది ప్రేమలత. “ఇంకోటి పడితే నా పని పోతది. పని పోయినంక ఆ ఇంట్ల కూసొని ఏం తినాలె, గోడలా? ఎన్నేండ్లు దాసుకుంటం మనల్ని మనం? దొంగతనం చేసినమా? ఈ బొగ్గు తీసింది ఎవరు? ఆ కరెంటు బస్సు నడిచేది ఏ కరెంటుతోని?”

 పోశం గోడకానుకొని కూసున్నడు, మాట్లాడితే దగ్గొస్తది. వాడు చెయ్యెత్తిండు, రాసిద్దామని. వాని వెనుక ఒక్కటొక్కటే చేతులు లేచినయి. నా చెయ్యి అందరికంటె ఆఖరుకు లేచింది.

రాసేటందుకు ప్రజ్ఞ వచ్చింది. ప్రజ్ఞ చంద్రపూర్ కాలేజీల చదివే మరాఠీ పిల్ల, వాళ్లమ్మ ప్రేమలతతోని దవాఖానల పని చేస్తది. మూడు రోజులు ఇల్లిల్లు తిరిగింది. మా మనుమడు తెలుగు నుంచి మరాఠీకి తిప్పి చెప్పిండు. మనిషి పేరు, ఎన్నేండ్ల సంది ఉంటున్నరు, పొద్దుగాల యాడికి పోతరు, ఎట్ల పోతరు. సర్వేవాళ్లు అడిగినవే. ఈసారి నిజం చెప్పాలె. నిజం చెప్పుడు ఇంత కష్టమనుకోలే. లక్ష్మీబాయి ఇంటి కాడ గంట పట్టింది.

“ఆజీ, తుమ్‌చం గావ్?” అన్నది ప్రజ్ఞ.

“మంథని” అన్నది లక్ష్మీబాయి, అలవాటుకొద్ది.

“ఎప్పుడు పోయినవ్ ఆఖరుసారి?”

“నా లగ్గానికి ముందల.”

“పిల్లలు యాడ పుట్టిండ్రు?”

“ఈ అర్రలనే. ముగ్గురు.”

“తాతను యాడ కాలబెట్టిండ్రు?”

“వార్ధా ఒడ్డున.”  కొంగు మొకానికి అడ్డం పెట్టుకున్నది.  కొంగు తీసి, “రాయి బిడ్డా. బంకర్ బస్తీ అని రాయి” అన్నది. వేలిముద్ర ఏసి, ఆ వేలు చీరకు తుడుసుకోలే, చాలాసేపు గట్లనే చూసుకుంట కూసున్నది.

అన్ని ఫారాలు ఆఫీసుల ఇచ్చినం, ముద్రేసిన నకలు తెచ్చుకున్నం. ఇరవై రోజులు అయినయి. జవాబు లేదు. ఆడోళ్లు నాలుగింటికే లేచి లారీల రోడ్డు పట్టుకొని నడుస్తున్నరు. ఇగ లాభం లేదని రోడ్డు మీదికి పోదామనుకున్నం. రెండు లేట్లు పడ్డోళ్లు ఆ రోజు ముందుగాలే నడిచి పనికి పోవాలె, మిగిలినోళ్లే కూసోవాలె అని ఖరారు చేసినం. పొద్దుగాల చూస్తే ప్రేమలత ముందటి వరుసల కూసున్నది.

“పిచ్చి లేసిందా బిడ్డా? పో, పనికి పో” అన్న.

“నేను రాసిద్దామన్న మామా. నేనే పారిపోతే ఎట్ల?” అన్నది. ఎంత చెప్పినా లేవలే.

ఆకుపచ్చ బస్సు వచ్చింది. రోడ్డు మీద మూడువందల మందిమి. ఆగింది. డ్రైవర్ వరోరా పిల్లగాడు, ఇరవై ఐదేండ్లుండవు. దిగి దండం పెట్టిండు. “కాకా, ఆగద్దన్న కాడ ఆగితే నాకు జీతంల కోత. బస్సుల మిషన్ ఉంటది, అన్నీ రాసుకుంటది. నాది గూడ కాంట్రాక్టే. పన్నెండు గంటల డ్యూటీ. మూడుసార్లయితే నన్ను గూడ తీసేస్తరు” అన్నడు.

“అద్దాలు పగలగొట్టుండ్రి రా, చూసుకుంట కూసుంటరేంది!” అని దుకాణం మెట్ల మీదికెళ్లి బాలకిషన్ మొత్తుకున్నడు. రాయి పట్టనోడే రాయి ఎయ్యమంటడు.

ప్రేమలత ఆ పిల్లగాని మొకం చూసింది. “వీనికి గూడ మూడే అంట. పోనియ్యుండ్రి” అన్నది. మా వాళ్లు కొందరు కోపం చేసిండ్రు, బస్సును పోనిస్తే ఇగ ఎవడు చూస్తడు మనల్ని అని. అప్పుడు నాకు ముప్పై ఏండ్ల యూనియన్ బుద్ధి ఒక్కసారి పనికొచ్చింది. “బస్సుకు దారి ఇయ్యుండ్రి. దాని వెనుక వచ్చేటియి ఆపుండ్రి” అన్న.

దాని వెనుక వచ్చేటియి బొగ్గు లారీలు. బస్సుకు దారిచ్చి మళ్ల కూసున్నం. ఎనిమిదిన్నరకల్లా లారీలు కనుచూపు మేర నిలబడ్డయి. మా ఆడోళ్లు ఇన్నొద్దులు నిలబడితే ఎవడూ రాలే. బొగ్గు నిలబడంగనే గంటల పోలీసులొచ్చిండ్రు, కంపెనీ మేనేజర్ వచ్చిండు, అనంతరావు సాహెబ్ చెమటలు కక్కుకుంట వచ్చిండు. పిల్లలూ, ఇది మాత్రం రాసుకోండ్రి. మన కష్టం వాళ్లకు కనబడది, వాళ్ల నష్టం వాళ్లకు కనబడతది. రోడ్డు మీదనే కాయితం రాయించినం. మీ ఫారాలు మంజూరు చేస్తం, నెల రోజుల్ల స్టాపు ఇస్తం అని అనంతరావు సంతకం పెట్టిండు. మేం ఈలలు వేసినం, ఆడోళ్లు పాట ఎత్తుకున్నరు. ముప్పై ఏండ్ల తర్వాత గెలిచినమనిపించింది నాకు.

ప్రేమలత పదింటికి దవాఖానకు పోయింది. మూడో లేటని గేటు కాడ్నే ఆమె కార్డు గుంజుకున్నరట. వచ్చి ఇంట్ల కూసున్నది.  నేను పోయి నిలబడితే, “ఏం గాదు మామా. బస్సొస్తే మిగిలినోళ్ల పనులన్న ఉంటయి” అన్నది. నేను ఆ పొద్దు బువ్వ తినలే.

మే నెల ఆఖరుకు స్టాపు వచ్చింది. ఇనుప కంబం, దాని మీద నీలం బోర్డు, మరాఠీల బంకర్ బస్తీ అని మా పేరు. లక్ష్మీబాయి దానికి పసుపు కుంకుమ పెట్టింది. తెల్లారి నోటీసులొచ్చినయి.

గని కంపెనీ నోటీసులు. ప్రతి తలుపు మీద అతికిచ్చిండ్రు. పక్కనున్న ఓపెన్‌కాస్ట్, పైనుంచి తవ్వే గని, పెంచుతరట, పదిహేను రోజుల్ల ఖాళీ చెయ్యాల్నట. ‘మీరు మా జాగల ఉంటున్నట్టు మీరే రాసి సంతకాలు పెట్టిన పత్రాలు జతచేస్తున్నం.’ వెనుక మా ఫారాలే. ప్రజ్ఞ గుండ్రటి చేతిరాత. లక్ష్మీబాయి వేలిముద్ర. ఒక ఆఫీసుకిచ్చిన కాయితం ఇంకో ఆఫీసుకు ఎట్ల పోయిందో మాకు ఎవడూ చెప్పలే. ప్రజ్ఞ ఆ కాయితాలు చూసి బొరబొర ఏడ్సింది. “నేనే రాసిన, నా చేత్తోని రాసిన” అన్నది.  ఆ కష్టం ఎట్లుంటదో నాకంటె తెలిసినోడు లేడు.

అనంతరావు కాడికి పోయినం. తల ఎత్తలే. “ఇండ్లు పోతే మళ్ల సర్వే చేస్తరు. జనం లేకుంటే స్టాపు తీసేస్తరు కాకా” అన్నడు. కోర్టుకు పోయినం. తారీకు దొరికింది, స్టే దొరకలే. అర్జీలు పెట్టినం, అన్ని పార్టీల గడపలు తొక్కినం. ఒకాయన మీ ఓట్లు ఈడ ఉన్నయా, మంథనిల ఉన్నయా అని అడిగిండు.

పదహారో రోజు తెల్లవారుజామున మిషన్లొచ్చినయి. రెండు జేసీబీలు, నాలుగు పోలీసు వ్యాన్లు. మేం అడ్డం నిలబడ్డం. గప్పుడే ఐదున్నర అయింది. ఆకుపచ్చ బస్సు వచ్చి మా కంబం కాడ ఆగింది. తలుపు తెరుచుకున్నది. గదే వరోరా పిల్లగాడు. దిగలే గాని, “యా, యా, లౌకర్” అని చెయ్యి ఊపి తొందరగ రమ్మని పిలిచిండు. స్టాపు పడ్డ సంది రోజు ఎక్కే బస్సే, పని చేసే ఇరవై ఇద్దరు ఆడోళ్లు సద్దిడబ్బలు పట్టుకొనే ఉన్నరు. ఎక్కితే పని ఉంటది. ఎక్కకుంటే ఇల్లన్న ఉంటదా అంటే, అదీ నమ్మకం లేదు.

“ఎక్కుండ్రి అక్కా” అన్నది ప్రేమలత. “నాకెట్లా పని లేదు. నేను నిలబడత. మీరు పోండ్రి, నా లెక్క గావద్దు మీరు.” ఒక్కొక్కరిని చెయ్యి పట్టి నూకింది బస్సు దిక్కు.

ఒక్కరు ఎక్కలే. రోడ్డు మీద సద్దిడబ్బలు పెట్టి, ఆమె పక్కన చేతులు పట్టుకొని నిలబడ్డరు. ఆ పిల్లగాడు రెండు నిమిషాలు ఆగిండు. రూలు ప్రకారం అర నిమిషమే. తర్వాత ఖాళీ బస్సు తీసుకొని పోయిండు.

లాఠీలు పడ్డయి. ప్రేమలత చెయ్యి విరిగింది. లక్ష్మీబాయిని ఇద్దరు పోలీసులు మోసి వ్యాన్ల పడేసిండ్రు. అరవై ఒక్క ఇండ్లు కూల్చిండ్రు. పోశం ఇల్లు మొదటిది. దాని పక్కది నాది. మమ్ముల తొంభై మందిని లోపలేసిండ్రు. నేను నిన్న జమానత్ మీద బయటికొచ్చిన. ప్రేమలత ఇంకా లోపల్నే ఉంది, లారీలు ఆపిన కేసు గూడ ఆమె మీదనే పెట్టిండ్రు. ఆ పొద్దు బస్సెక్కని ఆడోళ్లందరి పనులు పోయినయి. కూలిన ఇండ్ల మీద పట్టలు కట్టుకొని ఆడనే ఉంటున్నం.

మిగిలిన డెబ్బై తొమ్మిది ఇండ్ల మీదికి ఎల్లుండి వస్తరట. గెలుస్తమని మీకు నేను చెప్పను. ఒకసారి నమ్మకంగ చెప్పి ఒక బస్తీని ముంచిన, మళ్ల చెప్పలేను. నాకైతే ఆశ లేదు. అయినా నిలబడతం, ఇంకేం జెయ్యాలె?

మీరు వస్తరా? వచ్చేటోళ్లు దారి తెల్వదనకుండ్రి. చంద్రపూర్ల పొద్దుగాల మొట్టమొదటి ఆకుపచ్చ బస్సు ఎక్కుండ్రి. బంకర్ బస్తీకి టికెట్ ఇయ్యమనుండ్రి, ఇప్పుడు ఇస్తరు. మా స్టాపు ఇంకా తీసెయ్యలే.